1994 నాటి రూల్స్‌తో మ్యాజిక్ ఆడించడం ఎలా: బరంపురం వరండాకు సరిపోయే పద్ధతి

మ్యాజిక్ అనే కార్డుల ఆటలోని పాత కార్డు దొరికితే చాలామంది దాని మీద రాసింది చదివి ఇప్పటి రూల్స్‌తోనే ఆడేస్తారు. అలా ఆడితే సగం కార్డులు పిచ్చివిగా, మిగతా సగం దండగవిగా కనిపిస్తాయి. ఆ కార్డు ఏ రూల్స్ కోసం రాశారో ఆ రూల్స్‌తో ఆడాలి, అది ఏ కథలోదో కూడా తెలియాలి. అప్పుడే దాని పస తెలుస్తుంది.

మ్యాజిక్: ద గ్యాదరింగ్ 1993 ఆగస్టులో అమెరికాలో వచ్చింది. లెక్కల్లో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేస్తే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అచ్చువేసింది. ఫోన్లో అరేనా (ఇదే ఆటకి ఫోన్ రూపం) ఆడుతున్న పిల్లలకు ఈ పేర్లు తెలుసు, పాత ఆట మాత్రం తెలీదు. సెలవులకి ఒడిశాలోని బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో నలుగురు పిల్లలు చేరితే, ఇచ్ఛాపురం నుంచి మేనబావలు కూడా దిగితే, వాళ్ళను కూర్చోబెట్టి ఆడించాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. ల్యాండ్ కార్డు నుంచి మంత్రాలకి ఖర్చుపెట్టే మానా అనే శక్తి వస్తుందని, కార్డుని పక్కకి తిప్పి వాడడమే ట్యాప్ అని మీకు తెలుసనే అనుకుంటున్నాను. తెలియకపోతే ముందు ఫోన్లో కొన్నాళ్ళు ఆడి రండి.

ముందు ఏడాది తేల్చుకోండి

పాత రూల్స్ అంటే ఒక్కటే మూట కాదు. రెండు పెద్ద గీతలు గుర్తుపెట్టుకోండి. 1999లో సిక్స్త్ ఎడిషన్‌తో ‘స్టాక్’ (మంత్రాల్ని పేర్చి పైనుంచి ఒక్కొక్కటే జరిపించే పద్ధతి) వచ్చింది, ఇంటరప్ట్ అనే కార్డు రకం పోయింది. 2009 జులైలో మ్యాజిక్ 2010 సెట్‌తో మానా బర్న్ (వాడని మానాకి లైఫ్ పోయే రూల్) పోయింది. మీరు మొదటి గీతకు అవతల, 1994 దగ్గర నిలబడండి. ఆల్ఫా, బీటా, అన్‌లిమిటెడ్, అరేబియన్ నైట్స్, యాంటిక్విటీస్, లెజెండ్స్, ద డార్క్, ఈ కార్డుల సెట్లు చాలు. స్వీడన్‌లో మొదలైన 93/94 పద్ధతి ఆటగాళ్ళూ ఈ సెట్లతోనే ఆడతారు. రూల్స్ వివరాల్లో ఒక్కో ఊరి గుంపు ఒక్కోలా పోతుంది కాబట్టి మీ వరండా రూల్స్ మీరే రాసుకోవడంలో తప్పేమీ లేదు.

రూల్స్ ఒకే కాగితం మీద రాయండి. ఇక్కడ ఒక చిక్కుంది. బరంపురంలో ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లల్లో చాలామంది బళ్ళో ఒడియా, ఇంగ్లీషే చదువుతారు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. మీరు ముచ్చటపడి తెలుగులో రాసిన కాగితం వాళ్ళకి ఎక్కదు. తెలుగు చదవగలిగే ఒకరిని ఆ పూటకి అంపైర్‌గా పెట్టి, సందేహం వచ్చినప్పుడల్లా గట్టిగా చదివించండి. ఎక్కువగా ఈ పని సరిహద్దుకి అవతల శ్రీకాకుళం జిల్లా బడిలో చదివిన బావకే పడుతుంది, వాడి దర్జా కూడా పెరుగుతుంది.

కార్డులు

అసలు కార్డుల జోలికి పోకండి. 1996లో కంపెనీ ‘రిజర్వ్‌డ్ లిస్ట్’ అని ప్రకటించి, అందులోని పాత కార్డులు మళ్ళీ అచ్చువేయబోమని మాటిచ్చింది. బ్లాక్ లోటస్ లాంటివాటి ధర ఆకాశంలో ఉండడానికి అదొక కారణం. ఇంట్లో ఆడుకోవడానికి ప్రింట్ తీసుకున్న నకళ్ళు, అంటే ప్రాక్సీలు, సరిపోతాయి. వాటిని అమ్మకూడదు, అసలువని ఎవరికీ అంటగట్టకూడదు, అధికారిక పోటీలకు తీసుకెళ్ళకూడదు.

కార్డు కొలత 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల ఎత్తు. ఎ4 కాగితం మీద తొమ్మిది పడతాయి. జిరాక్స్ షాపులో ‘ఫిట్ టు పేజ్’ పెట్టవద్దని ముందే చెప్పండి, లేకపోతే అన్నీ పొట్టివైపోతాయి. కత్తిరించిన కాగితాన్ని ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి వెనకాల మామూలు పేకముక్క దూర్చండి. కలిపేటప్పుడు బిగువుగా ఉంటుంది, చిరిగిన పేక సెట్లకి ఒక పనీ దొరుకుతుంది. స్లీవ్‌ల వెనకవైపు మాత్రం అన్నీ ఒకే రంగువై ఉండాలి.

బొమ్మ కింద కుడివైపున ఉండే సెట్ గుర్తును నరికేయకండి. యాంటిక్విటీస్‌కి కమ్మరి దాగలి, అరేబియన్ నైట్స్‌కి వంపు కత్తి, ద డార్క్‌కి నెలవంక. దాని అవసరం కథలో వస్తుంది.

గంజాం తీరంలో సముద్రపు చెమ్మకి కాగితం వంగిపోతుంది. స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచండి. ఇంకో మాట, బరంపురం అప్పడాలు, ఊరగాయ పళ్ళెంలో ఉన్నంతసేపూ డెక్ బయటికి తీయకూడదు. స్లీవ్ మీద పడ్డ ఆవకాయ నూనె ఎంత తుడిచినా పోదు, ఆ కార్డు వెనకనుంచే గుర్తుపట్టేస్తారు.

కథ చెప్పి డెక్‌లు పంచండి

ఈ మెట్టు దాటేయకండి. నా లెక్కలో రూల్స్ కంటే ఇదే ముఖ్యం.

మొదటి సెట్‌లో కథంటూ పెద్దగా లేదు. మీరొక మాంత్రికుడు, లోకాల మధ్య తిరిగేవాడు, ఎదుటివాడూ అంతే. డెక్ మీ గ్రంథాలయం, చేతిలో కార్డులు ఇప్పటికి గుర్తున్న మంత్రాలు. అంతే సంగతి. అసలు కథ 1994 మార్చిలో యాంటిక్విటీస్‌తో మొదలైంది. అది కూడా వరుసగా చెప్పిన కథ కాదు. ఎవరో తవ్వకాల్లో పాత యంత్రాలు బయటికి తీసి, వాటిని చూసి జరిగింది ఊహించినట్టుగా కార్డు కింద రెండేసి వాక్యాల్లో చెప్పారు. తర్వాత కామిక్స్, నవల దాన్ని పూరించాయి. 2022లో అదే యుద్ధం మీద మళ్ళీ ఒక పూర్తి సెట్ వేశారు.

పిల్లలకి ఇలా చెప్పండి. ఉర్జా, మిశ్రా అన్నదమ్ములు. టొకేసియా అనే ఆమె దగ్గర తవ్వకాల్లో పనిచేస్తూ కోయిలోస్ గుహల్లో ఒక శక్తిరాయిని ముట్టుకుంటారు. అది రెండు ముక్కలై చెరొకరికి ఒకటి దక్కుతుంది. ఉర్జాది బలాన్ని పెంచేది, మిశ్రాది బలాన్ని తగ్గించేది. అక్కడినుంచి పంతం మొదలు. ఉర్జా క్రూగ్ నగరానికి వెళ్ళి, పెద్ద విగ్రహాన్ని ఎవరు కదిలిస్తే వాళ్ళకే రాకుమార్తె అని రాజు చాటిస్తే, యంత్రంతో కదిలించి కేలాను పెళ్ళాడతాడు (ఇక్కడ మన పిల్లలు శివధనుస్సు అని అరుస్తారు, అరవనివ్వండి). మిశ్రా ఎడారి తెగలైన ఫల్లాజీల మధ్య ఎదిగి డ్రాగన్ యంత్రాలతో తిరిగొస్తాడు. ఉర్జాకి శిష్యుడు టానోస్, మిశ్రాకి తోడు ఆష్‌నోడ్. ఇద్దరూ లోకంలోని అడవులు, గనులు అన్నీ యంత్రాలకే ఖర్చుపెడతారు. చివరి యుద్ధం ఆర్గోత్ అనే అడవి దీవిలో. అక్కడ ఉర్జా గోల్గోథియన్ సైలెక్స్ అనే పాత్రను వాడతాడు. దాంతో యుద్ధం, దీవి రెండూ పోతాయి. ఆ పేలుడు వల్ల వాతావరణం మారి చీకటి కాలం, ఆ తర్వాత మంచుయుగం వస్తాయి. 1994 ఆగస్టు సెట్ ద డార్క్, 1995 సెట్ ఐస్ ఏజ్, రెండూ ఆ శాపం ఫలితాలే.

మిశ్రా పేరు వినగానే మన దగ్గర నవ్వు వస్తుంది, వీధికొక మిశ్రా మాస్టారు ఉన్న రాష్ట్రం ఇది. మిశ్రాస్ ఫ్యాక్టరీ అనే కార్డుకి ‘మిశ్రా బాబు ఫ్యాక్టరీ’ అని ముద్దుపేరు పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి, అలాగే గుర్తుంటుంది.

కథ అయ్యాక మూడు డెక్‌లు కట్టండి, ఒక్కొక్కటి 60 కార్డులు. మొదట్లో 40 ఉంటే చాలనేవారు, ఒకే కార్డు ఎన్ని కాపీలైనా పెట్టనిచ్చేవారు. 1994లో పోటీలకి 60 కార్డులు, ఒక్కో కార్డు నాలుగుకి మించకుండా అని కట్టడి వచ్చింది. ఆ కట్టడి మీరూ పెట్టుకోండి.

ఉర్జా డెక్ తెలుపు, నీలం. ఉర్జాస్ మైన్, పవర్ ప్లాంట్, టవర్ అనే ల్యాండ్‌లు విడివిడిగా ఒక్కో మానానే ఇస్తాయి, మూడూ చేరితే మొదటి రెండూ రెండేసి, టవర్ మూడు ఇస్తుంది. సున్నా ఖర్చుతో దిగే ఆర్నిథాప్టర్, నాలుగు మానాకి దిగే 4/4 (నాలుగు దెబ్బలు కొట్టి, నాలుగు తట్టుకునే) యంత్రం సు-చి వేయండి. మిశ్రా డెక్ ఎరుపు, నలుపు. మిశ్రాస్ ఫ్యాక్టరీ, మిశ్రాస్ వార్ మెషీన్, డ్రాగన్ ఇంజిన్, క్రియేచర్‌ను (పోరాడే జీవి కార్డును) బలిస్తే రెండు మానా ఇచ్చే ఆష్‌నోడ్స్ ఆల్టర్. మూడోది ఆర్గోత్ డెక్, పచ్చ. యంత్రాలు అడ్డుకోలేని ఆర్గోథియన్ పిక్సీలు, యంత్రాల దెబ్బ అంటని ఆర్గోథియన్ ట్రీఫోక్ ఇందులోనివి. అన్నదమ్ముల కొట్లాటలో నలిగిపోయిన అడవి వాళ్ళకి యంత్రాల మీద ఉన్న కోపం ఆ కార్డుల రూల్‌లోనే ఉంది. ఇలాంటి చోటే పాత డిజైన్ నాకు నచ్చుతుంది.

సైలెక్స్ కార్డు ఒక్కటే ఉంచండి, ఉర్జా డెక్‌లో. దాన్ని వాడితే బల్ల మీదున్న యాంటిక్విటీస్ సెట్ కార్డులన్నీ పోతాయి, సైలెక్స్‌తో సహా. దాగలి గుర్తు నరకొద్దని చెప్పింది ఇందుకే. గుర్తున్న కార్డులన్నీ తుడిచిపెట్టుకుపోయి బల్ల మీద మామూలు అడవులు, దీవులు మాత్రం మిగులుతాయి. కథ విన్న పిల్లవాడికి అప్పుడు ఇంకేమీ వివరించక్కర్లేదు.

మానా బర్న్ నేర్పండి

ఆట మొదలయ్యాక ముందుగా నేర్పాల్సింది ఇదే. ట్యాప్ చేసి తెచ్చుకున్న మానాని ఆ దశ ముగిసేలోపు వాడకపోతే, మిగిలిన ప్రతి మానాకి ఒక లైఫ్ పోతుంది. ఇప్పుడైతే మిగిలింది ఊరికే మాయమవుతుంది.

చిన్న రూలే, కానీ చాలా కార్డుల స్వభావం మారిపోతుంది. లెజెండ్స్ సెట్‌లో మానా డ్రెయిన్ చూడండి. ఎదుటివాడి మంత్రాన్ని ఆపేసి, దాని ఖర్చంత మానా మీ తర్వాతి మెయిన్ దశలో ఇస్తుంది. ఇప్పటి రూల్స్‌లో అదంతా లాభమే. 1994లో అయితే ఆరు మానా మంత్రాన్ని ఆపినవాడు తన వంతు రాగానే ఆరు మానా ఎక్కడ ఖర్చుపెట్టాలా అని టెన్షన్ పడతాడు. చేతిలో ఏమీ లేకపోతే ఆరు లైఫ్ గోవిందా.

సు-చి అయితే ఇంకా తమాషా. అది చచ్చినప్పుడు దాని యజమానికి నాలుగు మానా వస్తాయి. వరం అనుకుంటారు. కానీ ఎదుటివాడు సరైన సమయం చూసి, మీ చేతిలో వాడుకునే దారి లేనప్పుడు దాన్ని చంపితే ఆ నాలుగూ మీ ఒంటినే కాలుస్తాయి. మిశ్రా డెక్ పట్టుకున్నవాడికి ఈ సంగతి గుసగుసగా చెప్పి పంపండి.

నేర్పే పద్ధతి ఏమిటంటే, మానా తీసుకోగానే అన్ని చింతగింజలు బల్ల మీద పెట్టించండి. వాడినప్పుడు తీసేయాలి. దశ ముగిసేసరికి గింజలు మిగిలితే అన్ని లైఫ్‌లు కొట్టేయాలి. నోటిలెక్కతో ఆడిస్తే ‘నేను మూడే ట్యాప్ చేశాను’ అనే తగువు తప్పదు, లోపలినుంచి నాయనమ్మ ‘ఏటర్రా ఆ గోల’ అనే దాకా సాగుతుంది.

ట్యాప్ అయితే నిద్రపోయినట్టే

ఆల్ఫా, బీటా, అన్‌లిమిటెడ్‌లో ఆర్టిఫాక్ట్‌ల (యంత్రాలు, వస్తువుల కార్డుల) మీద మోనో, పాలీ, కంటిన్యువస్ అని రాసి ఉంటుంది. మోనో అంటే ట్యాప్ చేసి వాడేది. పాలీ అంటే ట్యాప్ చేయకుండా ఎన్నిసార్లైనా వాడేది. కంటిన్యువస్ అంటే ఎప్పుడూ పనిచేస్తూ ఉండేది. రివైజ్డ్ అనే తర్వాతి సెట్‌లో ట్యాప్‌కి గుర్తు వచ్చి ఈ పేర్లు పోయాయి.

కంటిన్యువస్ వాటితో ఒక చమత్కారం ఉంది. ట్యాప్ అయిన ఆర్టిఫాక్ట్ పనిచేయదు. వింటర్ ఆర్బ్ ఉంటే ఇద్దరూ వంతుకి ఒక్క ల్యాండే అన్‌ట్యాప్ చేసుకోవాలి. మీ దగ్గర వేరే కార్డుని ట్యాప్ చేయగల ఐసీ మానిప్యులేటర్ ఉంటే, ఎదుటివాడి వంతు ముగిసేముందు మీ ఆర్బ్‌నే మీరు ట్యాప్ చేస్తారు. మీ వంతు రాగానే ఆర్బ్ నిద్రలో ఉంటుంది కాబట్టి మీ ల్యాండ్‌లన్నీ లేస్తాయి, దాంతోపాటు ఆర్బ్ కూడా లేచి మళ్ళీ ఎదుటివాడి మెడకి చుట్టుకుంటుంది. హౌలింగ్ మైన్‌తోనూ ఇంతే, అందరికీ అదనంగా కార్డు ఇచ్చే ఆ గనిని అవతలివాడి వంతులో ట్యాప్ చేసి మూసేయొచ్చు.

అడ్డుకునే క్రియేచర్‌కి కూడా ఇలాంటిదే ఒక రూల్. అడ్డుకున్నాక అది ట్యాప్ అయితే దెబ్బ తింటుంది, తిరిగి కొట్టదు. మిశ్రాస్ ఫ్యాక్టరీ 2/2గా అడ్డు నిలబడి, తనని తాను ట్యాప్ చేసుకుని 3/3 అవగలదు. ఇప్పుడైతే 3 దెబ్బ కొడుతుంది. అప్పట్లో ఒళ్ళు గట్టిపడుతుందంతే, చెయ్యి లేవదు. కొత్త ఆట తెలిసినవాళ్ళు ఎక్కువగా తప్పుపోయేది ఇక్కడే, అంపైర్‌కి ముందే చెప్పి ఉంచండి.

ఇంటరప్ట్‌లు

ఇప్పటి స్టాక్ తెలిసినవాళ్ళు దాన్ని మర్చిపోవాలి. ఇన్‌స్టెంట్‌ల (ఎదుటివాడి వంతులోనూ వేయగల మంత్రాల) కంటే వేగమైన ఇంటరప్ట్‌లని మరో రకం ఉండేది. కౌంటర్‌స్పెల్ అలాంటిదే. ఇంటరప్ట్‌కి జవాబుగా ఇంటరప్ట్ మాత్రమే వేయాలి, ఇన్‌స్టెంట్ పనికిరాదు. మీరు లైట్నింగ్ బోల్ట్ వేస్తే నేను కౌంటర్‌స్పెల్ వేశాను. ఆ మధ్యలో మీరు ఇంకో బోల్ట్ దూర్చలేరు. రెడ్ ఎలిమెంటల్ బ్లాస్ట్ ఉంటే వేయొచ్చు, అదీ ఇంటరప్టే.

ఇద్దరూ వేయాల్సిన మంత్రాలు వేసేశాక అవి వెనకనుంచి ముందుకి ఒక్కొక్కటే జరుగుతాయి. జరగడం మొదలయ్యాక మధ్యలో కొత్త ఇన్‌స్టెంట్ కలపకూడదు. ‘ఆగు, నా దగ్గరొకటుంది’ అనే మాట ముందే అనాలి.

బ్యాండింగ్

క్రియేచర్‌లు జట్టుకట్టి పోరాడే శక్తి ఇది. దీని పేరు చెబితే అనుభవం ఉన్నవాళ్ళే దండం పెట్టి తప్పుకుంటారు. నిజానికి అంత కష్టం కాదు, రెండు వాక్యాల రూల్. దాడిలో, బ్యాండింగ్ ఉన్న క్రియేచర్‌లు ఎన్నైనా, లేనిది గరిష్ఠంగా ఒకటి కలిసి ఒక జట్టుగా వెళ్ళొచ్చు, జట్టులో ఒకదాన్ని అడ్డుకుంటే అన్నిటినీ అడ్డుకున్నట్టే. జట్టుకి తగిలే దెబ్బని ఎవరెవరికి పంచాలో ఎదుటివాడు కాదు, జట్టు యజమానే నిర్ణయిస్తాడు.

బల్ల మీద చేసి చూపించండి. 1/1 బెనలిష్ హీరోతో ఒక 3/3ని కలిపి పంపండి. ఎదుటివాడు 3/3 హిల్ జెయింట్‌తో అడ్డుకున్నాడు. జట్టు నాలుగు దెబ్బలు కొడుతుంది, జెయింట్ పోయింది. జెయింట్ కొట్టే మూడు దెబ్బలూ మీరు హీరో మీదికే తోసేస్తారు, మీ 3/3కి గీత కూడా పడదు. కాపలాలోనూ అంతే, అడ్డుకునేవాటిలో ఒక్కదానికి బ్యాండింగ్ ఉన్నా దాడి చేసినదాని దెబ్బల్ని కాపలాదారే పంచుతాడు. జట్టు కట్టినంత మాత్రాన ఎగరలేనిది ఎగరదు, ఇది రెండుసార్లు చెప్పండి. మిశ్రాస్ వార్ మెషీన్‌కి కూడా బ్యాండింగ్ ఉంది కాబట్టి ఈ పాఠం వృథా పోదు.

లెజెండ్స్‌లోని ‘బ్యాండ్స్ విత్ అదర్’ అనే రకం జోలికి వెళ్ళకండి. దాన్ని నేర్చుకునే ఓపిక ఉంటే ఆ ఓపికతో వేరే ఆట నేర్చుకోవచ్చు.

మిగతావి

లెజెండ్ అని రాసి ఉన్న కార్డు ఒకే పేరుతో బల్ల మీద ఒక్కటే ఉండాలి, ఎవరిదైనా సరే, రెండోది వస్తే అదే పోతుంది. లెజెండ్స్ సెట్‌లో చాలా పాత్రలు దాన్ని డిజైన్ చేసిన స్నేహితులు ఆడుకున్న కథల ఆటలోంచి వచ్చినవే. తర్వాత ఎన్నో కథల్లో విలన్‌గా తిరిగిన డ్రాగన్ నికోల్ బోలస్ మొదట కనిపించింది అక్కడే. ర్యాంపేజ్ అంటే ఒకరికంటే ఎక్కువమంది అడ్డుకుంటే, అదనంగా వచ్చిన ఒక్కొక్కరికి కార్డు మీద రాసినంత బలం పెరగడం. విషపు కౌంటర్లు పది చేరితే ఆట పోయినట్టే. లైఫ్ సున్నాకి పడ్డా వెంటనే ఓడరు, ఆ దశ ముగిసేలోపు పైకి తెచ్చుకుంటే బతికినట్టే, ఈ ఒక్క రూల్ వల్ల ఎన్ని ఆటలు తిరగబడతాయో చూడండి.

పందెం కార్డు, గాల్లో ఎగిరే కార్డు

మొదటి రూల్స్‌లో ‘యాంటీ’ ఉండేది. ఆట ముందు ఇద్దరూ డెక్ నుంచి చూడకుండా ఒక్కో కార్డు పక్కన పెట్టాలి, గెలిచినవాడు రెండూ పట్టుకుపోవాలి. కార్డులు ఒక్కరి దగ్గరే ఉండిపోకుండా చేతులు మారుతుంటాయని అనుకున్నారు. తర్వాత అదే జూదం అనిపించి పోయింది. పిల్లలతో దీన్ని ఆడించకండి. రుచి చూపించాలంటే గెలిచినవాడు ఆ రెండు కార్డుల్నీ ఆ పూటకి తన డెక్‌లో వాడుకుని, లేచేముందు తిరిగి ఇచ్చేయాలని పెట్టండి. కాంట్రాక్ట్ ఫ్రమ్ బిలో లాంటి యాంటీ కార్డులు డెక్‌లోంచి తీసేయండి.

కేయాస్ ఆర్బ్ మాత్రం తప్పకుండా పెట్టండి. ఆ కార్డుని కనీసం ఒక అడుగు ఎత్తునుంచి బల్ల మీదికి విసరాలి, గాల్లో ఒక్కసారైనా పూర్తిగా తిరగాలి, పడ్డచోట ఏ కార్డుల్ని తాకితే అవన్నీ నాశనం, అది కూడా. ఒకాయన పోటీలో దాన్ని ముక్కలు చేసి చల్లేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. 1998లో అన్‌గ్లూడ్ అనే హాస్యపు సెట్‌లో దాన్ని ఎగతాళి చేస్తూ చింపి చల్లే కార్డే వేశారు. మీ ప్రాక్సీని చింపనివ్వకండి. విసిరే ముందు ఫ్యాన్ ఆపించండి, కరెంటు పోయి ఉంటే మరీ మంచిది. గోపాలపురం బీచ్‌లో ఈ కార్డు వద్దు, గాలికి అది మీ ఆటలోనే పడుతుందని నమ్మకం లేదు. స్లీవ్‌లో పేకముక్క లేకుండా విసిరితే సరిగ్గా తిరగదు, రెండు ముక్కలు దూర్చినవాడిది దొంగాట. బల్ల అంచుకి దూరంగా కార్డులు విడివిడిగా పరుచుకోవడం కూడా తెలివైన కాపలానే, దాన్ని తప్పుపట్టకండి.

షహరజాద్ చివరికి ఉంచుకోండి. అది వేస్తే ఉన్న ఆట ఆపి, మిగిలిన డెక్‌లతో పక్కన ఇంకో చిన్న ఆట ఆడాలి, అందులో ఓడినవాడి లైఫ్ అసలు ఆటలో సగమైపోతుంది. ఆ చిన్న ఆటలో మళ్ళీ షహరజాద్ వస్తే దానిలోపల మరొకటి. పోటీల్లో దీన్ని నిషేధించడం సబబే, ఇంట్లో మాత్రం దీనంత సరదా లేదు. పక్క ఆటకి వేరే చాప పరచండి, అసలు ఆట కార్డులమీద తువ్వాలు కప్పండి, లైఫ్ ఎంతుందో కాగితం మీద రాసి పెట్టండి. రాత్రి భోజనాలకి పిలిచే వేళ అయ్యిందంటే ఆ కార్డు వేయనివ్వకండి.